బైనరీల నుంచి డీబగ్ సింబల్స్ తొలగింపు

సోర్స్ కోడ్‌ను కంపైల్ చేసి ప్యాకేజీగా కట్టే దశలో, తయారైన బైనరీ ఫైళ్ల నుంచి ప్రోగ్రాం నడవడానికి అక్కరలేని పేర్ల పట్టికలనూ డీబగ్ సమాచారాన్నీ తీసివేయడాన్ని స్ట్రిప్పింగ్ అంటారు. ఈ పని చేసే ప్రోగ్రాం పేరు స్ట్రిప్. లినక్స్ డిస్ట్రిబ్యూషన్లు దాదాపు అన్నీ తమ ప్యాకేజీల్లోని బైనరీలను స్ట్రిప్ చేశాకే వాడుకరులకు అందిస్తాయి. తీసిన సమాచారాన్ని పారేయాలా, వేరే ఫైల్లో దాచాలా, ఆ పని ఎవరు ఎప్పుడు చేయాలి అన్న ప్రశ్నలకు జవాబు కుదరడానికి మాత్రం చాలా ఏళ్లు పట్టింది.

పొలం దున్నే రైతుకు హద్దులూ కొలతలూ చూపే ఎఫ్‌ఎంబీ పటంతో రోజూ పని ఉండదు. గట్టు తగాదా వచ్చిననాడు ఆ పటం లేకపోతే సర్వేయరు వచ్చినా చేయగలిగింది ఏమీ ఉండదు. డీబగ్ సింబల్స్ సంగతీ అంతే. ప్రోగ్రాం సవ్యంగా నడిచినన్నాళ్లూ వాటి ఊసే రాదు. క్రాష్ అయిన రోజున అవి లేకపోతే తప్పు ఏ ఫైల్లో, ఏ వరుసలో ఉందో పట్టుకోవడం గగనం.

బైనరీలో ఏముంటుంది

సి లేదా సి++ ప్రోగ్రాంను జీసీసీతో గానీ క్లాంగ్‌తో గానీ 'మైనస్ జి' ఆప్షన్ పెట్టి కంపైల్ చేస్తే, యంత్ర ఆదేశాలతో పాటు మరో పెద్ద మూట ఫైల్లో చేరుతుంది. ఏ ఆదేశం సోర్సులో ఏ ఫైల్లోని ఎన్నో వరుస నుంచి పుట్టింది, ఏ వేరియబుల్ ఏ క్షణంలో ఏ రిజిస్టర్లో ఉంది, ఒక స్ట్రక్చర్‌లోని ఫీల్డులు ఏ బైటు దగ్గర మొదలవుతాయి, వాటి రకాలేమిటి అన్నవన్నీ అందులో ఉంటాయి. లినక్స్‌లో బైనరీ ఫైలు రూపం పేరు ఎల్ఫ్, ఈ డీబగ్ సమాచారం రూపం పేరు డ్వార్ఫ్. ఎల్ఫ్ ఫైలును సెక్షన్లుగా విభజిస్తారు. ఆదేశాలు ఉండే టెక్స్ట్ సెక్షన్, విలువలు ఉండే డేటా సెక్షన్ ప్రోగ్రాంకు ప్రాణం. డీబగ్ ఇన్ఫో, డీబగ్ లైన్, డీబగ్ ఎస్టీఆర్ వంటి పేర్లున్న సెక్షన్లలో డ్వార్ఫ్ సమాచారం ఉంటుంది.

పేర్ల పట్టికలు రెండు రకాలు. ఫంక్షన్ల పేర్లూ గ్లోబల్ వేరియబుళ్ల పేర్లూ అన్నీ నమోదయ్యే పూర్తి పట్టిక సిమ్‌ట్యాబ్. బయటి లైబ్రరీలతో కలుపుకోవడానికి కావలసిన పేర్లు మాత్రమే ఉండే చిన్న పట్టిక డైన్‌సిమ్. ప్రోగ్రాం మొదలైనప్పుడు డైనమిక్ లోడర్ చూసేది ఈ రెండో పట్టికనే. అందుకే స్ట్రిప్ ఎంత గట్టిగా చేసినా డైన్‌సిమ్ జోలికి పోదు. సిమ్‌ట్యాబ్ పోయినా ప్రోగ్రాం నడుస్తుంది. సి++ ఎక్సెప్షన్లకు ఆధారమైన ఈహెచ్ ఫ్రేమ్ సెక్షన్ కూడా చెక్కుచెదరదు.

డీబగ్ సమాచారం కోడ్ కంటే కొన్ని రెట్లు ఎక్కువ చోటు తీసుకోవడం మామూలే. టెంప్లేట్లు విరివిగా వాడే సి++ ప్రోగ్రాంలలో ఈ బరువు మరీ ఎక్కువ. లినక్స్ కెర్నల్‌ను డీబగ్ సమాచారంతో కట్టినప్పుడు విఎమ్‌లినక్స్ ఫైలు వందల మెగాబైట్లకు పెరుగుతుంది, బూట్ అయ్యే కుదించిన ఇమేజ్ మాత్రం ఓ పది మెగాబైట్ల చుట్టుపక్కల ఉంటుంది. లినక్స్ వ్యవస్థను మొదటి నుంచి స్వయంగా కట్టడం నేర్పే 'లినక్స్ ఫ్రమ్ స్క్రాచ్' పుస్తకంలో స్ట్రిప్పింగ్‌కు ప్రత్యేకంగా ఒక విభాగమే ఉంది. దానివల్ల సుమారు 2 గిగాబైట్ల చోటు మిగులుతుందని అందులో రాశారు.

స్ట్రిప్ చేస్తే ప్రోగ్రాం వేగం పెరుగుతుందనీ, మెమరీ తక్కువ తింటుందనీ చాలామంది నమ్మకం. అది నిజం కాదు. డీబగ్ సెక్షన్లకు 'మెమరీలోకి ఎక్కించు' అన్న గుర్తే ఉండదు. ప్రోగ్రాం నడిచేటప్పుడు కెర్నల్ వాటిని తాకకుండా డిస్కులోనే వదిలేస్తుంది. మిగిలేది డిస్కులో చోటు, డౌన్‌లోడ్ సమయం, మిర్రర్ సర్వర్ల మీద భారం. ఇవి చిన్న లాభాలేమీ కావు. వేల ప్యాకేజీలు, పదేసి రకాల ప్రాసెసర్లు, ప్రపంచం నిండా మిర్రర్లు ఉన్న డిస్ట్రోకు ఈ లెక్క చాలా పెద్దది.

పాత కథ

స్ట్రిప్ ఆదేశం వయసు యూనిక్స్ వయసుకు దగ్గర్లోనే ఉంటుంది. 1971లో వెలువడిన యూనిక్స్ తొలి ఎడిషన్ మాన్యువల్‌లోనే అది ఉంది. డిస్కు చోటును కిలోబైట్లలో లెక్కపెట్టుకున్న రోజులవి. పరీక్షలు ముగిసిన ప్రోగ్రాం నుంచి పేర్లు తీసేసి చోటు మిగుల్చుకోవడమే అప్పటి అవసరం. ఆ తర్వాత డీబగ్ సమాచారానికి స్టాబ్స్ అనే రూపం చాలాకాలం చెలామణి అయింది. జీసీసీ 2023లో వచ్చిన 13వ వెర్షన్‌తో దానికి పూర్తిగా స్వస్తి చెప్పింది. 1980ల నడుమ బెల్ ల్యాబ్స్‌లో యూనిక్స్ సిస్టమ్ ఫైవ్ నాలుగో విడుదల కోసం బ్రయన్ రసెల్ డ్వార్ఫ్‌ను రూపొందించాడు. ఎల్ఫ్ అంటే యూరప్ జానపద కథల్లోని ఒక జాతి, డ్వార్ఫ్ అంటే దాని పక్కనే కనిపించే మరుగుజ్జు జాతి. ఎల్ఫ్‌కు తోడుగా పుట్టింది కనుకనే ఆ పేరు. డ్వార్ఫ్ తొలి ప్రమాణం 1992లోనూ, ఐదోది 2017లోనూ వచ్చాయి.

ఎంత తీయాలి

గ్నూ బైన్‌యుటిల్స్‌లోని స్ట్రిప్‌కు ఆప్షన్లు చాలా ఉన్నా ప్యాకేజీ కట్టేవాళ్లకు ముఖ్యమైనవి మూడు. 'స్ట్రిప్ ఆల్' సిమ్‌ట్యాబ్‌నూ డీబగ్ సెక్షన్లనూ రెండింటినీ తీసేస్తుంది. 'స్ట్రిప్ డీబగ్' డీబగ్ సెక్షన్లను మాత్రమే తీసి పేర్ల పట్టికను వదిలేస్తుంది. 'స్ట్రిప్ అన్‌నీడెడ్' రీలొకేషన్‌కు అవసరమైన పేర్లు మాత్రం ఉంచి మిగతావి తీసేస్తుంది.

దేనికి ఏది వాడాలో డెబియన్ పాలసీ స్పష్టంగా రాసిపెట్టింది. నేరుగా నడిచే ప్రోగ్రాంలను పూర్తిగా స్ట్రిప్ చేయవచ్చు. షేర్డ్ లైబ్రరీలకు స్ట్రిప్ అన్‌నీడెడ్. స్టాటిక్ లైబ్రరీలకు స్ట్రిప్ డీబగ్ మాత్రమే. ఈ చివరి మాట పెడచెవిన పెడితే నష్టం వెంటనే కనిపిస్తుంది. స్టాటిక్ లైబ్రరీ అంటే ఇంకా లింక్ కాని ఆబ్జెక్ట్ ఫైళ్ల కట్ట. వాటిలోని పేర్లు తీసేస్తే లింకర్‌కు ఏ ఫంక్షన్ ఎక్కడుందో తెలిసే దారి ఉండదు, ఆ లైబ్రరీ ఎందుకూ పనికిరాదు. కెర్నల్ మాడ్యూళ్లదీ అదే పరిస్థితి. లోడ్ అయ్యే వేళ కెర్నల్‌తో లింక్ కావలసినవి కనుక వాటి పేర్ల పట్టిక మిగలాలి.

పేర్లు పోతే ఏం జరుగుతుంది

ఒక ప్రోగ్రాం సెగ్మెంటేషన్ ఫాల్ట్‌తో కూలి, కోర్ డంప్ వదిలిందనుకుందాం. దాన్ని జీడీబీ అనే డీబగ్గర్‌లో తెరిచి బ్యాక్‌ట్రేస్ అడిగితే, డీబగ్ సింబల్స్ ఉన్న బైనరీ అయినప్పుడు వరుసగా జవాబులు వస్తాయి: కూలింది ఫలానా ఫంక్షన్లో, ఫలానా ఫైలు 212వ వరుసలో, ఆ సమయానికి పాయింటర్ విలువ సున్నా, ఆ ఫంక్షన్‌ను పిలిచింది ఫలానా ఫంక్షన్ అని. ప్రోగ్రాం రాసినవారు అది చూసి పావుగంటలో సవరణ రాయగలరు. అదే బైనరీ స్ట్రిప్ అయి, సింబల్స్ విడిగా కూడా దొరకని పరిస్థితిలో ప్రతి వరుసలోనూ ఒక పొడవాటి అడ్రస్సు, దాని పక్కన ఫంక్షన్ పేరు ఉండాల్సిన చోట రెండు ప్రశ్నార్థకాలు. ఈహెచ్ ఫ్రేమ్ ఉంది కనుక ఎవరు ఎవరిని పిలిచారన్న గొలుసు కనబడుతుంది, ఆ ఎవరికీ పేరు మాత్రం ఉండదు. బగ్ నివేదికలో ఇలాంటి బ్యాక్‌ట్రేస్ అతికించి పంపితే 'డీబగ్ ప్యాకేజీ వేసుకొని మళ్లీ పంపండి' అన్న సమాధానమే వస్తుంది. అప్పటికి ఆ క్రాష్ మళ్లీ రాకపోవచ్చు.

పెర్ఫ్ వంటి ప్రొఫైలింగ్ పరికరాలకూ ఇదే ఇబ్బంది. సమయం ఏ ఫంక్షన్లో ఖర్చవుతోందో చెప్పాలంటే ఆ ఫంక్షన్‌కు పేరంటూ ఉండాలి. మెమరీ తప్పులు పట్టే వాల్‌గ్రైండ్‌ది ఇంకా పెద్ద పట్టు. డైనమిక్ లోడర్ బైనరీలోని కొన్ని ఫంక్షన్లను అది పేరుతో పట్టుకొని దారి మళ్లించాలి. లోడర్‌ను పూర్తిగా స్ట్రిప్ చేసిన సిస్టంలో, సింబల్స్ విడిగానైనా దొరక్కపోతే, వాల్‌గ్రైండ్ మొదలవగానే ఆగిపోయి సి లైబ్రరీ డీబగ్ ప్యాకేజీ వేసుకోమంటుంది.

పారేయకుండా విడదీయడం

ఈ చిక్కుకు దొరికిన పరిష్కారం సులువైనది. మైనస్ జి తో పూర్తి సమాచారంతో కంపైల్ చేస్తారు. తర్వాత ఆబ్జ్‌కాపీ అనే పరికరంతో 'ఓన్లీ కీప్ డీబగ్' ఆప్షన్ ఇచ్చి, డీబగ్ సెక్షన్లు మాత్రమే ఉండే రెండో ఫైలు తీస్తారు. ఆ పైన అసలు బైనరీని స్ట్రిప్ చేస్తారు. చివరగా స్ట్రిప్ అయిన బైనరీలో రెండో ఫైలు పేరు, దాని సీఆర్‌సీ విలువ ఉండే చిన్న గుర్తు చేరుస్తారు. దీన్ని డీబగ్‌లింక్ అంటారు. జీడీబీ ఆ గుర్తు పట్టుకొని జోడు ఫైలును వెతుక్కుంటుంది.

ఫైలు పేరు మీద ఆధారపడే ఈ పద్ధతిలో ఒక లోపం ఉంది. ఒకే పేరున్న లైబ్రరీ పది వెర్షన్లలో ఉంటుంది. ఎక్కడి నుంచో వచ్చిన కోర్ డంప్‌కు వాటిలో ఏది జోడో తేలదు. దీనికి విరుగుడుగా రోలండ్ మెక్‌గ్రాత్ ప్రతిపాదించిన బిల్డ్ ఐడీ 2007లో ఫెడోరా 8తో వాడుకలోకి వచ్చింది. లింకర్ బైనరీలోని సారం అంతటికీ హ్యాష్ కట్టి, ఆ 160 బిట్ల సంఖ్యను ఒక నోట్ సెక్షన్లో రాస్తుంది. స్ట్రిప్ చేసినా ఈ నోట్ చెరగదు. కనుక బైనరీలోనూ, దాని డీబగ్ ఫైల్లోనూ ఒకే సంఖ్య ఉంటుంది. పొలానికి సర్వే నంబరు ఎలాగో బైనరీకి బిల్డ్ ఐడీ అలాగ. నలభై అక్షరాల ఆ సంఖ్యలో మొదటి రెండూ డైరెక్టరీ పేరుగా, మిగతా ముప్పై ఎనిమిదీ ఫైలు పేరుగా పెట్టి డీబగ్ ఫైళ్లను యూఎస్ఆర్, లిబ్, డీబగ్ డైరెక్టరీ కింద సర్దుతారు. ఇది వచ్చాక తప్పు జోడు తగిలే ప్రమాదం పోయింది. ఈ రంగంలో ఇంత చిన్న మార్పు ఇంత మేలు చేసిన సందర్భం మరొకటి కనిపించదు.

డిస్ట్రోల పద్ధతులు

డెబియన్‌లో ఈ పని డెబ్‌హెల్పర్ కుటుంబంలోని డీహెచ్ స్ట్రిప్ చేస్తుంది. ప్యాకేజీలోకి ఫైళ్లన్నీ చేరాక, లైబ్రరీ ఆధారాలు లెక్కకట్టడానికీ చెక్‌సమ్‌లు తీయడానికీ ముందు అది నడుస్తుంది. ఎల్ఫ్ ఫైళ్లను గుర్తుపట్టి, రకాన్ని బట్టి తగిన మోతాదులో స్ట్రిప్ చేస్తుంది. ఒకప్పుడు ప్యాకేజీ నిర్వాహకులు కావాలనుకుంటేనే డీబీజీ అనే తోక తగిలించిన ప్యాకేజీని చేత్తో రాసుకోవాల్సి వచ్చేది. చాలామంది ఆ శ్రమ పడేవారు కాదు. 2015 డిసెంబరులో డెబ్‌హెల్పర్ డీబీజీసిమ్ ప్యాకేజీలను తనంతట తానే తయారుచేయడం మొదలుపెట్టింది, వాటిని ప్రధాన ఆర్కైవులో కాక విడి ఆర్కైవులో ఉంచారు. ఉబుంటు తనదైన పద్ధతిలో ఈ పని అంతకు ముందు నుంచే చేస్తోంది. వాడుకరి స్ట్రిప్ వద్దనుకుంటే డెబ్ బిల్డ్ ఆప్షన్స్ అనే వేరియబుల్‌లో 'నోస్ట్రిప్' అని రాసి ప్యాకేజీని తిరిగి కట్టుకోవచ్చు.

ఆర్‌పీఎం వైపు ఫైండ్ డీబగ్ఇన్ఫో అనే స్క్రిప్టు ఇదే పని చేస్తుంది. ఫెడోరా 27 నుంచి డీబగ్ సమాచారాన్నీ సోర్సు ఫైళ్లనూ రెండు వేర్వేరు ఉప ప్యాకేజీలుగా కడుతున్నారు. ఫెడోరా 18తో వచ్చిన మినీ డీబగ్ఇన్ఫో ఒక మంచి రాజీ మార్గం: ఫంక్షన్ల పేర్లు మాత్రం ఏరి, బాగా కుదించి, బైనరీలోనే ఒక సెక్షన్‌గా ఉంచుతారు. వరుస సంఖ్యలు రావు కానీ ప్రశ్నార్థకాల చోట పేర్లు వస్తాయి. క్రాష్ నివేదికకు మొదటి మెట్టుగా ఇది ఎంతో నయం. ఇతర డిస్ట్రోలు కూడా దీన్ని తెచ్చుకోవాల్సింది.

జెంటూలో ఫీచర్స్‌లో 'స్ప్లిట్‌డీబగ్' పెట్టుకుంటే విడదీత జరుగుతుంది. ఆర్చ్‌లో మేక్‌పీకేజీ ఆకృతీకరణలో స్ట్రిప్, డీబగ్ అనే రెండు ఆప్షన్లున్నాయి. చిన్న సైజుకు పేరుపడ్డ ఆల్పైన్ అప్రమేయంగా స్ట్రిప్ చేస్తుంది, డీబగ్ ప్యాకేజీ మాత్రం నిర్వాహకుడు అడిగితేనే పుడుతుంది. రౌటర్ల కోసం తయారయ్యే ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీలో 8, 16 మెగాబైట్ల ఫ్లాష్‌లోనే సర్వం ఇమడాలి, కాబట్టి అక్కడ సెక్షన్ల జాబితాను కూడా కొట్టేసే ఎస్‌స్ట్రిప్ అనే మరింత కఠినమైన పరికరం ఉంది.

మేక్‌ఫైల్లో దాక్కున్న స్ట్రిప్

ప్యాకేజీ కట్టేవారిని అన్నిటికంటే ఎక్కువగా విసిగించేది సాఫ్ట్‌వేర్ రాసినవారే తమ మేక్‌ఫైల్లో స్ట్రిప్ చేసిపెట్టడం. ఇన్‌స్టాల్ ఆదేశానికి 'మైనస్ ఎస్' అన్న ఆప్షన్ ఉంది. ఫైలును దాని చోటికి కాపీ చేసి వెంటనే స్ట్రిప్ కూడా చేసేస్తుంది. లింకర్‌కు కూడా అదే పేరుతో అలాంటి ఆప్షన్ ఉంది. వాడుకరికి తేలికైన ఫైలు అందాలనే మంచి ఉద్దేశంతోనే చాలామంది దీన్ని రాస్తారు. దాని ఫలితంగా మూడు నష్టాలు కలుగుతాయి.

డీహెచ్ స్ట్రిప్ గానీ ఫైండ్ డీబగ్ఇన్ఫో గానీ వచ్చేసరికి విడదీయడానికి ఏమీ మిగలదు. డీబీజీసిమ్ ప్యాకేజీ పుట్టదు, పుట్టినా అందులో పనికొచ్చేది ఉండదు. ఫెడోరాలో అయితే డీబగ్ సోర్సు జాబితా ఖాళీగా ఉందంటూ బిల్డ్ ఆగిపోతుంది. అప్పుడు కొందరు డీబగ్ ప్యాకేజీయే వద్దని, ప్యాకేజీ కట్టే సూచనలుండే స్పెక్ ఫైల్లో ఒక వరుస రాసేసి గండం గట్టెక్కుతారు. ఇది రోగాన్ని వదిలేసి థర్మామీటర్‌ను పగలగొట్టడం. కోడ్ లేని ప్యాకేజీలకు తప్ప ఆ వరుస ఎక్కడా ఉండకూడదు.

రెండో నష్టం, వాడుకరి పెట్టుకున్న నోస్ట్రిప్‌కు విలువ లేకుండా పోతుంది. మూడోది క్రాస్ కంపైలింగ్‌లో బయటపడుతుంది. ఇంటెల్ యంత్రం మీద ఆర్మ్ ప్రాసెసర్ కోసం కడుతున్నప్పుడు, ఇన్‌స్టాల్ పిలిచేది ఆ యంత్రంలోని సొంత స్ట్రిప్‌ను. దానికి ఆర్మ్ ఫైలు అర్థం కాకపోవచ్చు. ఫైలు రూపం గుర్తుపట్టలేకపోయానని అది చేతులెత్తేస్తుంది, బిల్డ్ మొత్తం ఆగుతుంది.

డెబ్‌హెల్పర్ దీనికి ఒక చక్కని ఉపాయం పన్నింది. మేక్ ఇన్‌స్టాల్ పిలిచేటప్పుడు, స్ట్రిప్ ప్రోగ్రాంగా 'ట్రూ' అనే ఆదేశాన్ని వాడమని ఇన్‌స్టాల్‌కు చెబుతుంది. ట్రూ చేసేది ఏమీ లేదు, పని విజయవంతమైందని మాత్రం బదులిస్తుంది. మేక్‌ఫైలు స్ట్రిప్ జరిగిందనుకొని ముందుకు పోతుంది, బైనరీ చెక్కుచెదరకుండా డీహెచ్ స్ట్రిప్ చేతికి వస్తుంది. అయితే మేక్‌ఫైల్లో స్ట్రిప్‌ను పేరుపెట్టి నేరుగా పిలిచినప్పుడు ఈ ఉపాయం పారదు, ప్యాచ్ రాయక తప్పదు.

స్ట్రిప్ చేయకూడని చోట్లు

కెర్నల్ మాడ్యూలుకు డిజిటల్ సంతకం చేశాక స్ట్రిప్ చేయకూడదు. సంతకాన్ని ఎల్ఫ్ నిర్మాణానికి బయట, ఫైలు చివర అతికిస్తారు. స్ట్రిప్ ఫైలును తిరగరాసినప్పుడు ఆ తోక రాలిపోతుంది. ముందు స్ట్రిప్, ఆ తర్వాతే సంతకం. అదే కారణంతో, ఫైలు చివర సొంత డేటా అతికించుకునే ప్రోగ్రాంలన్నీ ప్రమాదంలో ఉంటాయి. ఓక్యామల్‌లో కస్టమ్ పద్ధతిలో కట్టిన బైనరీలో అసలు బైట్‌కోడ్ ఉండేది చివర్లోనే. పైఇన్‌స్టాలర్‌తో కట్టిన పైథాన్ ప్రోగ్రాందీ ఇలాంటి నిర్మాణమే. వీటిని స్ట్రిప్ చేస్తే మిగిలేది ఉత్త రన్‌టైమ్. డీహెచ్ స్ట్రిప్‌కు 'ఎక్స్' ఆప్షన్‌తో మినహాయింపు ఇవ్వాల్సింది ఇలాంటి ఫైళ్లకే.

ఇతర భాషలు, ఇతర వేదికలు

రస్ట్‌లో కార్గో 1.59 వెర్షన్ నుంచి స్ట్రిప్ ఒక ప్రొఫైల్ ఆప్షన్‌గా ఉంది. 2024 మార్చిలో వచ్చిన 1.77 నుంచి రిలీజ్ బిల్డులో డీబగ్ సమాచారం అడగకపోతే దాన్ని తనంతట తానే తీసేస్తోంది. అంతకుముందు రస్ట్ ప్రామాణిక లైబ్రరీతో పాటు వచ్చే డీబగ్ సమాచారం ప్రతి చిన్న ప్రోగ్రాంలోనూ చేరి, లినక్స్‌లో 'హలో వరల్డ్' నాలుగు మెగాబైట్లు దాటేది. ఇప్పుడది అర మెగాబైటు లోపే. గో భాషలో లింకర్ ఆప్షన్లతో సింబల్స్ తీసేసినా, రన్‌టైమ్ తన సొంత పట్టిక ఒకటి ఉంచుకుంటుంది కాబట్టి ప్యానిక్ వచ్చినప్పుడు ఫంక్షన్ పేర్లూ వరుస సంఖ్యలూ కనబడతాయి.

విండోస్‌లో డీబగ్ సమాచారం పీడీబీ అనే విడి ఫైల్లో ఉంటుంది, మైక్రోసాఫ్ట్ తన సింబల్ సర్వర్ నుంచి వాటిని అందిస్తోంది. మ్యాక్‌లో డీసిమ్ అనే కట్ట ఆ పాత్ర పోషిస్తుంది. ఆండ్రాయిడ్ యాప్ కట్టేటప్పుడు గ్రేడిల్ ప్లగిన్ నేటివ్ లైబ్రరీలను స్ట్రిప్ చేస్తుంది. సింబల్స్ ఫైలును ప్లే కన్సోల్‌కు విడిగా ఎక్కిస్తే క్రాష్ నివేదికల్లో పేర్లు వస్తాయి.

సింబల్స్ తీసేస్తే ప్రోగ్రాం రహస్యంగా ఉంటుందనే భ్రమ ఈ వేదికలన్నిటిలోనూ ఉంది. యంత్ర ఆదేశాలు అలాగే ఉంటాయి, డైన్‌సిమ్ పేర్లూ అలాగే ఉంటాయి. విప్పి చదవాలనుకునేవారికి కాస్త ఆలస్యం అవుతుంది, అంతే. పాస్‌వర్డునో రహస్య కీనో కోడ్‌లో రాసి స్ట్రిప్ మీద భారం వేయడం ఘోరమైన పొరపాటు.

డీబగ్‌ఇన్‌ఫోడీ

విడదీసి దాచిన సింబల్స్‌ను వాడుకరి వెతికి, సరైన వెర్షన్ ఎంచి, గిగాబైట్ల కొద్దీ దింపుకోవడం నిన్నమొన్నటి దాకా పెద్ద అవస్థ. 2019 నవంబరులో ఎల్ఫ్‌యుటిల్స్ 0.178తో వచ్చిన డీబగ్‌ఇన్‌ఫోడీ ఈ అవస్థ తీర్చింది. ఇది హెచ్‌టీటీపీ మీద నడిచే సర్వర్. జీడీబీ బైనరీలోని బిల్డ్ ఐడీ చదివి ఆ సర్వర్‌ను అడుగుతుంది, కావలసిన డీబగ్ ఫైలూ సోర్సు ఫైలూ మాత్రమే దిగుతాయి. రూట్ అనుమతి అక్కర్లేదు, ప్యాకేజీ వేయనక్కర్లేదు. జీడీబీ 10వ వెర్షన్ నుంచి దీన్ని వాడుకోగలదు. డెబియన్ 2021లో తన సర్వర్ తెరిచింది, ఫెడోరా 35 నుంచి ఇది అప్రమేయంగా అమల్లో ఉంది. సర్వర్ల మీద భారం తగ్గించడానికి యాకుబ్ యెలినెక్ రాసిన డీడబ్ల్యూజెడ్ తోడ్పడుతోంది. డ్వార్ఫ్‌లో మళ్లీ మళ్లీ వచ్చే భాగాలను అది ఒకచోటికి చేరుస్తుంది.

సాఫ్ట్‌వేర్ రాసేవారు తమ మేక్‌ఫైల్లో ఇన్‌స్టాల్ వరుసలో మైనస్ ఎస్ ఉందేమో ఒకసారి చూసుకోండి. ఉంటే తీసేసి, స్ట్రిప్ కావాలనుకునేవారి కోసం 'ఇన్‌స్టాల్ స్ట్రిప్' అనే విడి టార్గెట్ పెట్టండి. ఆటోమేక్‌లో అది ఎటూ ఉచితంగా వస్తుంది. ప్యాకేజీ కట్టేవారు లింటియన్, ఆర్‌పీఎంలింట్ ఇచ్చే 'స్ట్రిప్ కాని బైనరీ' హెచ్చరికతో సరిపెట్టుకోకుండా, డీబగ్ ప్యాకేజీ తెరిచి అందులో నిజంగా సమాచారం ఉందో లేదో చూడండి. క్రాష్ నివేదిక పంపేవారు తమ డిస్ట్రో డీబగ్‌ఇన్‌ఫోడీ సర్వర్ చిరునామా పెట్టుకొని, ఆ తర్వాతే బ్యాక్‌ట్రేస్ తీసి పంపండి.